పసుపు కడాయిలో సముద్రపు రాయి

నీలవ్వ పురుగుల మందు తాగలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే తొంభై ఏడు ఫిబ్రవరిలో ఆమె ఆర్మూరు దవాఖానలో ఊపిరందక కొట్టుకుంటున్నప్పుడు, ఆమె మొగుణ్ణి నేనే ఆ సంగతి నమ్మలేదు. డాక్టరు నమ్మలేదంటే అర్థముంది, నీలవ్వ ఎట్లాంటి మనిషో ఆయనకు తెలియదు. నాకు తెలుసు. తెలిసి కూడా నమ్మలేదు.

నా పేరు ముత్తెన్న. కోపం నాకు ముక్కు మీదే ఉంటుందని నన్ను కన్న అవ్వ భీమవ్వ ఊరందరికీ చెబుతుంది. నిజమే. అయితే కొన్ని కోపాలు వెంటనే బయటపడవు, లోపల పడి ఉంటాయి. దుబాయిలో ఐదేళ్లు అట్లాంటి కోపమొకటి మోశాను.

అక్కడ ఒక అరబ్బు సాహెబు ఇంట్లో నా పని అద్దాల తొట్టి కడగడం. తొట్టి అంటే చిన్నది కాదు, మా పశువుల కొట్టమంత పొడుగు. లోపల సముద్రపు నీళ్లు, రంగురంగుల చేపలు, రాళ్లు. ఆ రాళ్ల మీద చొక్కా గుండీలంత పూలు. పూలు అంటున్నాను కానీ అవి ప్రాణమున్నవి. దీపం వేస్తే విచ్చుకునేవి, చెయ్యి దగ్గరకు పోతే ముడుచుకునేవి. నాతో పాటు మత్తయి అని కేరళ ఆయన పనిచేసేవాడు, నాకంటే పదేళ్లు పెద్ద. మొదటి రోజే మోచేతుల దాకా వచ్చే పచ్చటి రబ్బరు గ్లౌజులు నా చేతిలో పెట్టి, అవి లేకుండా తొట్టిలో చెయ్యి పెట్టొద్దన్నాడు. ఎందుకని అడిగాను. ఆయన హిందీ, నా హిందీ రెండూ అంతంతమాత్రమే. గోడకు అంటించిన కాగితం చూపించాడు. ఒకవైపు ఇంగ్లీషు, ఒకవైపు అరబ్బీ. నాకు రెండూ రావు.

రాకపోతే ఏమాయె, నేనే అర్థం చేసుకున్నాను. ఆ ఇంట్లో పనివాళ్లకు చాయ్ కప్పులు వేరు. రావడానికీ పోవడానికీ వెనక తలుపు. మా చెప్పులు కూడా వాళ్ల చెప్పుల పక్కన ఉండకూడదు. అంటే సాహెబు రాళ్లను కూడా మా చేతులు ముట్టకూడదన్నమాట. మత్తయి ఏ రోజూ గ్లౌజులు మరిచేవాడు కాదు. ఈయనకు సిగ్గూ శరమూ లేవనుకునేవాణ్ణి. నేనూ తొడుక్కునేవాణ్ణి, కొలువు పోతుందని. తొడుక్కున్న ప్రతిసారీ ఒళ్లు మండేది.

నేను ఇంటికి వచ్చేసే వారం ముందు సాహెబుకు ఆ తొట్టి మీద మోజు తీరింది. అంతా తీసి పారెయ్యమన్నాడు. రెండు పిడికిళ్లంత రాయిని నేను తీసుకున్నాను, నిండా పూలు, మధ్యలో పచ్చగా, అంచున గోధుమ రంగు. మత్తయి దాన్ని నీళ్లతో సహా మందపాటి పాలిథిన్ సంచిలో కట్టి, ఒక సంచి సముద్రపు ఉప్పు ఇచ్చి, పైన గ్లౌజుల జత పెట్టాడు. "ఇవి మరిచిపోకు" అన్నాడు. తల ఊపాను. ఆయన నంబరు రాసుకున్నాను.

బొంబాయి దాకా విమానం, అక్కణ్ణుంచి ఆర్మూరు దాకా బస్సు. రాయి బతికే వచ్చింది. బజారులో గాజు తొట్టి కొని, ఉప్పు నీళ్లు కలిపి పెడితే మర్నాడు పొద్దున పూలు విచ్చుకున్నాయి. మా వాడకట్టంతా చూడ్డానికి వచ్చింది. అందరి ముందర చొక్కా చెయ్యి పైకి మడిచి, వట్టి చేతిని నీళ్లలో పెట్టి ఆ పూలను నిమిరాను. ఐదేళ్ల కసి ఆ ఒక్క నిమిషంలో తీరింది. నా చేతికి ఏమీ కాలేదు. గ్లౌజులు నీలవ్వ మీదికి విసిరి పారెయ్యమన్నాను. ఆమె ఏదీ పారేసే మనిషి కాదు. అవ్వకిచ్చింది. అవ్వ వాటిని మక్కజొన్న చేన్లో రామచిలుకలు వాలకుండా పెట్టిన బెదురుబొమ్మ చేతులకు తొడిగింది. నాకు నవ్వొచ్చింది. వాటికి తగిన చోటే దొరికిందనుకున్నాను.

పదిహేను రోజులు పోయేసరికి పూలు ముడుచుకున్నాయి. మళ్లీ విచ్చుకోలేదు. ఉప్పు అయిపోయింది. నీళ్లు చిక్కబడి, రాయి మీద జిగురు పేరుకొని, ఇల్లంతా ఒకటే కంపు. అప్పటికి పసుపు తవ్వకాలు అయి, మా పెరట్లో ఉడకబెట్టే కడాయి ఎక్కింది.

ఇక్కడ నీలవ్వ గురించి ఒక మాట చెప్పాలి. పసుపు కొమ్ములు ఉడికాయా లేదా అన్నది గడియారం చూసి చెప్పేది కాదు. తక్కువ ఉడికితే లోపల పచ్చిగా ఉంటుంది, ఎక్కువైతే రంగు పోతుంది. కడాయి మీద కప్పిన గోనె సంచి ఎత్తి, ఆవిరిలో ముఖం పెట్టి వాసన పీల్చి చెప్పాలి. ఆ వాసన పట్టడంలో నీలవ్వను మించినవాళ్లు మా వాడలో లేరు. పక్కింటివాళ్లు కూడా కడాయి దించాలంటే ఆమెనే పిలిచేవాళ్లు. "నీలవ్వ అన్నదంటే అయిపాయె" అనేవాళ్లు.

ఆ రోజు పొద్దున్నే ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని నా ముందర నిలబడింది.

"గా రాయి పారేయి. కడుపుల తిప్పుతున్నది నాకు."

"పారేసుడు లేదు. ఐదేండ్లు కష్టపడ్డదానికి నాకున్న గుర్తు గదొక్కటే."

"సచ్చిపోయింది గదా, గుర్తేంది?"

అవ్వ మధ్యలో పడింది. "కొట్లాడకుండ్రి. కడాయిల ఏసి ఉడకబెట్టుండ్రి. పసుపు పచ్చివాసన ఉడికితెనే గద పోయేది. గిదీ గంతే."

నాకు ఆ మాట బాగా నచ్చింది. మా దగ్గర భూమిలోంచి తీసింది ఏదైనా మట్టితో, వేళ్లతో, వాసనతో వస్తుంది. ఉడికించి, ఎండబెట్టి, రుద్దితే బంగారంలా తేలుతుంది. రాయి కూడా తెల్లగా తేలితే అద్దాల అల్మారాలో పెట్టుకోవచ్చుననుకున్నాను.

నీలవ్వ ఒప్పుకుంది కానీ, "ముందుగాల జిగురు గీకాలె. మక్క చేన్ల గా గ్లౌజులున్నయి, తెచ్చుకుంట" అంది.

అంతే, నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఎందుకే గ్లౌజులు? నీ చేతులకేమైంది? మనయి మైల చేతులా? సాహెబు ఇంట్ల ఏసుకున్నది సాలదని నా ఇంట్ల గూడ ఏసుకోవాల్నా?" అని అరిచాను. కల్లంలో పసుపు ఆరబోస్తున్న కూలీలు తిరిగి చూశారు. నీలవ్వ ముఖం నల్లబడింది. వట్టి చేతులతోనే కూర్చొని, కొబ్బరి పీచుతో రాయిని గీకింది. నేనే ఎత్తి కడాయిలో వేశాను. ఉడికిన పసుపు తీసేసిన ఖాళీ కడాయి, అడుగున రెండు బిందెల నీళ్లు. పైన గోనె కప్పి, "వాసన పోయినంక దించు" అని చెప్పి ఎడ్లబండి కట్టుకొని మార్కెట్ యార్డుకు పోయాను.

మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి నీలవ్వ అరుగు మీద ఎర్రటి ఎండలో గొంగడి కప్పుకొని వణుకుతోంది. "నోరంత చేదైంది. ఎదల గట్టిగ పట్టుకున్నది" అంది. జ్వరమనుకున్నాను. కాసేపటికి దగ్గు. తరవాత కాళ్ల పిక్కలు పట్టేసి లేవలేకపోయింది. ఆపైన మాట్లాడబోతే ఊపిరి అందడం లేదు. జీపు పిలిచి దవాఖానకు తీసుకుపోయాను.

డాక్టరు నాడి చూశాడు, కళ్లలోకి బ్యాటరీ లైటు వేసి చూశాడు.

"ఏం తిన్నది?"

"అందరం తిన్నదే సారు. జొన్నరొట్టె, పప్పు."

"మిగతావాళ్లకు ఏమీ కాలేదు గదా. ఇంట్ల పురుగుల మందు ఉందా?"

ఉంది. పసుపుకు కొట్టే మందు డబ్బా కొట్టంలో ఉంది. అది లేని ఇల్లు మా చుట్టుపక్కల ఉండదు.

"పొద్దున కొట్లాట ఏమన్నా అయ్యిందా?"

నేను నోరు తెరవలేదు. ఆయనకు అది చాలు. "సూడు, కేసయితదని దాచిపెడితే మనిషి దక్కది. ఏం తాగిందో తెలిస్తెనే నేను మందు ఇయ్యగలుగుత" అన్నాడు.

నీలవ్వ మందు తాగడమా? పొద్దున నేను అరిచిన మాటకా? ఇంతకుముందు వెయ్యి మాటలు పడింది, ఎప్పుడూ తాగలేదు. కానీ ఐదేళ్లు నేనిక్కడ లేను. ఆమె మనసులో ఏముందో నాకేం తెలుసు? ఇంటికి పరుగెత్తి డబ్బా చూశాను. మూత వదులుగా ఉంది. సగానికి తక్కువే ఉంది. కానీ ముందు ఎంత ఉండేదో నాకు తెలిస్తే కదా. అవ్వను అడిగితే, "నేనేమన్న కొలిసి పెట్టిన్నా?" అంది. మూత ఎప్పుడూ వదులేనో, ఈ రోజే వదులైందో. డబ్బా చేతిలో పట్టుకొని కొట్టంలో చాలాసేపు నిలబడ్డాను. ఏమీ తేలలేదు.

భీమ్‌గల్ నుంచి నీలవ్వ తమ్ముడు సాయన్న సాయంత్రం బస్సుకు దిగాడు. పొద్దుటి కొట్లాట సంగతి కూలీల నోట ఊరంతా పాకింది. "బావా, మా అక్కను ఏమన్నవ్?" అని నా కాలరు పట్టుకున్నాడు. విడిపించుకునే ఓపిక కూడా లేకపోయింది.

మంచం దగ్గరకు పోయి నీలవ్వ చెవిలో అడిగాను. "నిజం చెప్పు. తాగినవా?"

ఆమె కళ్లు తెరిచి నన్ను చూసింది. చాలాసేపు చూసింది. తరవాత ముఖం గోడవైపు తిప్పుకుంది.

దాన్ని అవుననే అనుకున్నాను. మాట్లాడితే ఊపిరి చాలదేమో, అడగరాని మాట అడిగానేమో అన్న ఆలోచన రాలేదు. డాక్టరు దగ్గరకు పోయి, "తాగినట్టే ఉంది సారు" అన్నాను.

ముక్కులోంచి గొట్టం వేసి కడుపు కడిగారు. పురుగుల మందుకు విరుగుడని సూదులు మొదలుపెట్టారు. మర్నాడు పొద్దుటికి నీలవ్వ గుండె ఉరకడం మొదలైంది. పెదవులు ఎండిపోయాయి, ఎద ఎగిసిపడుతోంది. డాక్టరు సూది ఆపి నన్ను బయటికి పిలిచాడు.

"తాగినోళ్ల కంటిపాపలు చిన్నగైతయి. ఈమెకు నిన్న తెచ్చినప్పుడు గూడ కాలేదు. నోట్లె మందు వాసన లేదు. నువ్వు కండ్లార చూసినవా?"

"చూడలే సారు."

"మరి తాగిందని ఎట్ల చెప్పినవ్?"

అడిగితే ముఖం గోడవైపు తిప్పుకుందని చెప్పాను. "ఇదైతే మందు తాగిన కేసు లెక్క లేదు. ఏందో నాకూ సమజైతలేదు. సూదులు ఇస్తె గుండె ఆగుతదని భయం, ఇయ్యకపోతె ఊపిరి ఆగుతదని భయం. సాయంత్రందాకా చూస్త" అన్నాడు. ఆ డాక్టరు మంచివాడు. తెలియదని నా ముఖం మీదే చెప్పాడు.

అప్పుడే అవ్వ అన్నం గిన్నె పట్టుకొని వచ్చింది. ఆమె కుడిచెయ్యి వాచి ఉంది. ఎక్కడ కొట్టుకున్నావని అడిగితే, ఎక్కడా లేదంది.

"పొద్దుగాల కడాయి తోమిన బిడ్డా. పసుపు గిల్లి గిల్లి వేళ్లు పగిలినయి గద, సుర్రుమన్నది. గప్పటి నుంచి చెయ్యి మంట. నోరు గూడ చేదైంది. ఉమ్మినా పోతలేదు."

"ఏమన్నవ్? నోరు చేదా?"

"అవు. నీలవ్వ అన్నట్టే."

అవ్వ మందు తాగలేదు. అవ్వతో ఎవరూ కొట్లాడలేదు. ఆమె చేసిందల్లా ఒక కడాయి తోమడం. ఆ కడాయిలో ఏళ్ల తరబడి పసుపు ఉడికింది, ఎవరికీ ఏమీ కాలేదు. నిన్న మాత్రం రాయి ఉడికింది. కానీ ఆ పూలను నేను వట్టి చేత్తో నిమిరాను కదా, నాకేమీ కాలేదు కదా. అది నిజమైతే ఇది కాదు, ఇది నిజమైతే అది కాదు. రాయి కంపు పోయిందో లేదో నీలవ్వ ఎట్లా చూసి ఉంటుంది? పసుపును చూసినట్టే. గోనె ఎత్తి, ఆవిరిలో ముఖం పెట్టి.

దవాఖాన ఎదురుగా ఉన్న ఫోను బూత్‌లోకి పరుగెత్తి మత్తయి నంబరు కలపమన్నాను. మూడుసార్లు పోలేదు, నాలుగోసారి కలిసింది. మాట్లాడుకున్నది హిందీలో, ఇక్కడ తెలుగులో చెబుతున్నాను.

విషయమంతా విని ఆయన ఒకటే అడిగాడు. "గ్లౌజులు ఏమయ్యాయి?"

"గ్లౌజుల సంగతి ఎందుకిప్పుడు? నా భార్య చచ్చిపోతోంది!"

"ముత్తెన్నా, ఆ పూలలో విషం ఉంటుంది. తోలు బాగుంటే ఒక్కోసారి ఏమీ కాదు. పగుళ్లుంటే ఎక్కుతుంది. వేడి నీళ్లు పోస్తే ఆవిరిలో కలుస్తుంది. నువ్వు రాకముందు ఒకడు మరిగే నీళ్లతో రాయి కడిగి మూడు రోజులు ఊపిరాడక పడ్డాడు. అందుకే ఆ కాగితం అంటించారు."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"ఐదేళ్లు రోజూ చెప్పాను కదా."

"తొడుక్కో అన్నావు. ఎందుకో చెప్పలేదు. సాహెబు మన చేతులు ముట్టొద్దన్నాడనుకున్నాను. కప్పులు వేరుగా పెట్టినట్టు."

"కప్పులు వాళ్ల కోసం పెట్టుకున్నారు. గ్లౌజులు మన కోసం ఇచ్చారు. ఆ ఇంట్లో మన కోసం ఇచ్చినవి అవొక్కటే" అన్నాడు మత్తయి. "ఇప్పుడు డాక్టరు దగ్గరికి పో. మందు తాగలేదని చెప్పు, ఆవిరి పీల్చిందని చెప్పు. ఆ రాయిని వట్టి చేత్తో ముట్టకండి."

డాక్టరు ముందు నిలబడి అంతా చెప్పాను. అట్లాంటి విషం పేరు ఆయన కూడా వినలేదు. రెండుసార్లు చెప్పించుకొని కాగితం మీద రాసుకున్నాడు. "అయితే తాగలేదు. ఖాయమేనా?" అన్నాడు.

"తాగలేదు సారు" అన్నాను. చెబుతూ చెబుతూ ఏడ్చేశాను. ఆ మాట నిన్ననే చెప్పి ఉండాల్సింది.

విరుగుడు సూదులు పూర్తిగా మానేశారు. ఆక్సిజన్ పెట్టి, ఛాతీ వదులయ్యే మందు ఇచ్చారు. ఈ విషానికి తనకు తెలిసిన విరుగుడు లేదు, ఒళ్లే తట్టుకోవాలన్నాడు డాక్టరు. అవ్వ చేతికి కట్టు కట్టారు. మూడో రోజు నీలవ్వ లేచి కూర్చొని అంబలి తాగింది. సాయన్నతో మాట్లాడింది. అవ్వతో మాట్లాడింది. నాతో మాత్రం ఏదన్నా అడిగితే తల ఊపింది.

నేను మక్క చేన్లోకి పోయి బెదురుబొమ్మ చేతుల గ్లౌజులు ఊడదీసి తొడుక్కున్నాను. మూతికి తడి తువ్వాలు కట్టుకొని, చేను చివర నడుములోతు గుంత తీసి రాయిని పూడ్చాను. కడాయిలో బ్లీచింగ్ పౌడరు పోసి నానబెట్టి, వాడకుండా పక్కన పెట్టేశాను. ఆ గ్లౌజుల్లో చేతులకు చెమట పోసింది, నాకు ఒళ్లు మండలేదు.

పదిహేను రోజుల తరవాత మిగిలిన పసుపు ఉడకబెట్టడానికి వేరే కడాయి తెచ్చి ఎక్కించాను. నీలవ్వ అరుగు మీద గోడకు ఆనుకొని కూర్చుంది. ఇంకా కొంచెం దగ్గు ఉంది. మధ్యాహ్నానికి గోనె కింద నుంచి ఆవిరి చిమ్మడం మొదలైంది. గోనె ఎత్తి వాసన చూశాను. నాకు పసుపు వాసన వచ్చింది, అంతకు మించి ఏమీ తెలియలేదు.

"ఉడికిందా?" అని అడిగాను. ఆమె అరుగు దిగలేదు. ఆవిరి అంటే భయమేమో అనుకున్నాను. "దగ్గరికి రావద్దులే. గాలి అటే కొడుతున్నది గద, ఆడనే కూసొని చెప్పు. దించాల్నా?"

నీలవ్వ నా వైపు చూసింది. దవాఖానలో మంచం మీద చూసిన చూపే.

"తాగలేదని నా కండ్లతోని చెప్పిన. గది నమ్మకపోతివి" అంది. "ఇప్పుడు నా ముక్కును ఎట్ల నమ్ముతవ్? నువ్వే చూసుకో."

లేచి లోపలికి పోయింది. నేను గోనె పట్టుకొని ఆవిరిలో నిలబడ్డాను. పసుపు ఉడికిందో, ఇంకా పచ్చిగా ఉందో, అప్పటికే ఎక్కువైపోయిందో నాకు తెలియలేదు.